టిబెట్ అంటే మఠమేనా?

టిబెట్ వాళ్ల చేతిపని ప్రతిదీ ఒక ప్రార్థన అంటారు. అక్కడ మగ్గం ముందు కూర్చోవడమూ ధ్యానంలో కూర్చోవడమూ ఒకటేనంటారు. వాళ్ల పాటకూ ఆటకూ నేతకూ రాతకూ మూలం మఠమేనని, కాలం తాకని ఆ స్వచ్ఛతకు బజారు మురికి అంటకుండా కాపాడుకోవాలని అంటారు. యాత్రా కథనాల్లో, ఆదివారం అనుబంధాల్లో, టీవీ డాక్యుమెంటరీల్లో, టిబెట్ శరణార్థులున్న ధర్మశాలకో బైలకుప్పేకో వెళ్లొచ్చినవాళ్ల మాటల్లో ఈ అభిప్రాయం బాగా పాతుకుపోయింది. దీన్ని ఎవరైనా ప్రశ్నించవచ్చన్న ఊహే ఎవరికీ కలగడం లేదు. ఇలా అనేవాళ్లలో చాలామందికి టిబెట్ అంటే నిజమైన ప్రేమే. ఆ ప్రేమను నేను శంకించను. ఆ అభిప్రాయం మాత్రం తప్పు. ఎవరి మీద ప్రేమతో ఈ మాట అంటున్నారో వాళ్లకే అది అన్యాయం చేస్తోంది.

టిబెట్ జనానికి భక్తి లేదని నా వాదన కాదు. పొద్దున్నే దేవుడి ముందు ఏడు గిన్నెల్లో నీళ్లు పోసి, వెన్న దీపం వెలిగించే ఇళ్లు అక్కడ కోకొల్లలు. ఆ గిన్నెలు సాగగొట్టిన కంచరి ఎవరు, ఆ నీళ్లు మోసుకొచ్చినదెవరు, దీపంలోని వెన్న ఏ పశువుది, తెల్లవారకముందే లేచి దాన్ని చిలికిన మనిషి ఎవరు అని ఒక్కసారైనా అడగకుండా దీపం వెలుగునే చూసి మురిసిపోయే చూపుతోనే నాకు పేచీ. టిబెట్ జానపద కళ ముందుగా పని. చలికి, ఆకలికి, పన్నుకు, పెళ్లికి, నవ్వుకు, పోట్లాటకు పుట్టిన పని. అందులో భక్తీ ఉంది. భక్తి తప్ప ఇంకేమీ లేదనడం కళ్లు మూసుకోవడం.

ఈ చూపు ఎంత దూరం పోగలదో చెప్పడానికి మన నగరాల్లోనే ఒక సాక్ష్యం ఉంది. ‘టిబెటన్ సింగింగ్ బౌల్స్’తో నాదచికిత్స చేస్తామనే కేంద్రాలు మన దగ్గరా వెలిశాయి. వేల ఏళ్ల నాటి లామాల రహస్య విద్య అని చెప్పి కంచు గిన్నె అంచు మీద కర్ర తిప్పుతారు. టిబెట్ మఠంలో మోగే వాద్యాలు ఏవో తెలియనివి కావు. మనిషికన్నా పొడవైన దుంగ్‌చెన్ బాకాలు, గ్యాలింగ్ సన్నాయిలు, రోల్మో తాళాలు, పొడుగు పిడి డోళ్లు, చేతిగంట, శంఖం. ఈ గిన్నె వాటిలో లేదు. నేపాల్‌లో, ఉత్తర భారతంలో కంచరులు తిండికీ నిల్వకూ చేసిన పాత్ర అది. హెన్రీ వుల్ఫ్, నాన్సీ హెన్నింగ్స్ అనే పాశ్చాత్య సంగీతకారులు 1972లో ‘టిబెటన్ బెల్స్’ అనే రికార్డు విడుదల చేశారు. ఆ తరవాతే ఆ గిన్నెకు టిబెట్ పేరు లోకమంతా స్థిరపడింది. గిన్నె చేసిన కంచరి ఊరూ పేరూ చెరిగిపోయి, ఆ చోట ఎన్నడూ లేని ఒక లామా కూర్చున్నాడు. ఆ నాదం మనసుకు హాయి ఇస్తే ఇవ్వనీయండి, నాకు అభ్యంతరం లేదు. లేని సంప్రదాయాన్ని అంటగట్టి, ఉన్నదాన్ని కనబడకుండా చేయడమే నా అభ్యంతరం.

ఉన్న సంప్రదాయం చాంగ్‌థాంగ్ పీఠభూమి మీద, ఆమ్దో గడ్డిమైదానాల్లో పశువులు మేపుకునే ద్రోక్పాల నల్ల గుడారంలో ఉంది. ఆ గుడారపు బట్టను యాక్ వెంట్రుకతో నేస్తారు. మనం జడల బర్రె అంటామే, అదే యాక్. దాని ఒంటి మీద రెండు రకాల జుట్టు ఉంటుంది. చర్మానికి ఆనుకుని మెత్తటి నూగు, దాని మీద పక్కల నుంచీ పొట్ట కింద నుంచీ వేలాడే బిరుసు వెంట్రుక. మెత్తటిది దుప్పటికీ బట్టకూ పోతుంది, బిరుసుది గుడారానికీ తాళ్లకూ. దాన్ని వడికి, పురిపెట్టి, నేల మీద మేకులు దిగ్గొట్టి పడుగు సాగదీసి, సన్నని పొడుగాటి పట్టీలుగా నేసి, అంచుకు అంచు కలిపి కుడతారు. నేత కాస్త వదులుగానే ఉంటుంది. ఎండ వేళ లోపల కూర్చుని పైకి చూస్తే సూదిమొనలంత వెలుతురు చుక్కలు కనిపిస్తాయి, పొయ్యి పొగ ఆ సందుల్లోంచి కూడా బయటికి పోతుంది. వాన పడగానే వెంట్రుక తడిసి ఉబ్బి సందులు మూసుకుంటాయి. చివికిన పట్టీలు తీసేసి కొత్తవి కలుపుతూ పోతారు కాబట్టి ఆ గుడారం వయసు ఇంత అని చెప్పడం కష్టం. నాయనమ్మ నేసిన పట్టీ పక్కనే మనవరాలు నేసినది ఉంటుంది. వానకూ పొగకూ ఒకే నేతతో జవాబు చెప్పిన ఈ తెలివి ఏ ధర్మగ్రంథంలోనూ రాసి లేదు. చలిలో మంద వెంట తిరిగిన మనుషుల వేళ్లలో ఉంది.

అదే వెంట్రుకతో వడిసెల అల్లుతారు. నలుపూ తెలుపూ పోగులు కలిపి, కళ్లలాంటి నమూనాలు తేలేలా అల్లిన ఆ వడిసెలను నడుముకు చుట్టుకుని తిరుగుతారు. మంద తప్పిన పశువు పక్కన రాయి పడేలా విసిరి దాన్ని దారికి తెస్తారు, తోడేలును తరుముతారు. రాయి విసరడానికి మామూలు తాడు చాలు. అయినా అందంగా అల్లుతారు, ఎందుకంటే అది రోజంతా చేతిలో ఉండే వస్తువు. జానపద కళకు ఇంతకన్నా పెద్ద కారణం వెతకాల్సిన పనిలేదని నేననుకుంటాను. త్సంపా అనే బార్లీ పేలపిండిని కలుపుకునే తోలుసంచీ అంతే, టీలో వెన్నా ఉప్పూ వేసి చిలికే పొడుగాటి దోంగ్మో అంతే. చూబా అనే పొడుగు అంగీ మడతలో, ఛాతీకి ఆనించి, ఎక్కడికి వెళ్లినా వెంట తీసుకుపోయే సొంత కొయ్యగిన్నె కూడా అంతే. ఎవరి గిన్నెలో వాళ్లే తింటారు. ఆ గిన్నె కొయ్య గీతలు ఎంత అందంగా ఉంటే అంత ధర. పాలు పితికేటప్పుడు పాట, వెన్న చిలికేటప్పుడు పాట. పశువు నిలకడగా నిలబడడానికి ఒకటి, చెయ్యి అలసిపోకుండా ఉండడానికి ఇంకొకటి.

పాటా పనీ అక్కడ ఎంతగా కలిసిపోయాయో చూడాలంటే ‘అర్గ’ గచ్చు పని చూడాలి. లాసా చుట్టుపక్కల పెద్ద ఇళ్లకూ మఠాలకూ మిద్దె మీద వేసే గచ్చు అది. రాతిపొడిని పరిచి, నీళ్లు చల్లి, కర్ర చివర చదును రాయి కట్టిన దిమ్మిసలతో రోజుల తరబడి కొడతారు. ఆడా మగా వరసలుగా నిలబడి, ఒక వరస పాట అందుకుంటే ఇంకో వరస బదులిస్తూ, అడుగు కలిపి ముందుకీ వెనక్కీ కదులుతూ కొడతారు. ఆ తరవాత గులకరాళ్లతో రుద్ది నునుపు చేసి నూనె పట్టిస్తారు. చూసినవాళ్లకు అది నాట్యం. కొట్టినవాళ్లకు కూలి, లేదా వెట్టి. దలైలామాల పోతల ప్రాసాదపు మిద్దెలు నిలబడింది ఆ పాటల మీదే. అయినా పోతల గురించి రాసే వ్యాసాల్లో లోపలి స్తూపాల బంగారం కనిపిస్తుంది కానీ మిద్దె మీది పాట వినిపించదు.

మఠం చాటున మరుగుపడిన ఇంకో గొంతు లాసా వీధిపాట. నీళ్లు మోసే ఆడవాళ్ల నోటా, బార్ఖోర్ అంగడివీధిలో తిరిగేవాళ్ల నోటా, రాజ్యం చేసే పెద్దల మీద పాటలు పుట్టేవి. 1933లో పదమూడవ దలైలామా మరణించాక అధికారం కోసం జరిగిన కుట్రలను, పడిపోయిన పెద్దమనుషులను ఈ పాటలు బజారున పెట్టాయి. మెల్విన్ గోల్డ్‌స్టీన్ అనే మానవశాస్త్రవేత్త వాటిని సేకరించి ప్రచురించాడు కూడా. పత్రికలు లేని నగరంలో ప్రభుత్వాన్ని నిలదీసిన జనవాణి అది. దీన్ని ప్రార్థన అందామా? అకూ తోన్పా కథలూ అలాంటివే. భూస్వామిని, వ్యాపారిని, లామాని, సన్యాసినిని వరసపెట్టి బురిడీ కొట్టించే కొంటెవాడు అతను. ఆ కథల్లో చాలా భాగం పిల్లల ముందు చెప్పేవి కావు. చాంగ్ బీరు గిన్నె చుట్టూ చేరి పెద్దలు పగలబడి నవ్వుకునేవి.

బేతాళ కథలు అక్కడికీ వెళ్లాయి. చందమామ చదివి పెరిగిన తెలుగువాడికి ఇది చెబితే ముచ్చటగా ఉంటుంది. టిబెట్ రూపంలో శవాన్ని మోసుకొచ్చేది విక్రమార్కుడు కాదు, తప్పు చేసి దిద్దుకోవాలనుకునే ఒక కుర్రవాడు. అతన్ని శ్మశానానికి పంపేది ఆచార్య నాగార్జునుడు. మన కృష్ణా లోయతో పేరు ముడిపడిన ఆ నాగార్జునుడే. ఇంకేముంది, బౌద్ధ నీతికథలే అయి ఉంటాయని అనుకుంటారు. కానీ శవం చెప్పే కథలన్నీ గడుసు కోడళ్లవీ, బీద కాపరులవీ, పిసినారి రాజులవీ. నాగార్జునుడు గడప దగ్గర ఆగిపోతాడు, లోపల ఊరి జనం మాట్లాడుకుంటారు.

ల్హామో నాటకం సంగతి మరీ స్పష్టం. దీన్ని మొదలుపెట్టాడని సంప్రదాయం చెప్పే థాంగ్‌తోంగ్ గ్యాల్పో సిద్ధుడే, సందేహం లేదు. కానీ ఆయన 15వ శతాబ్దంలో నదుల మీద ఇనుప గొలుసు వంతెనలు కట్టించిన మనిషి. వంతెనకు డబ్బూ కూలీలూ కావలసి అక్కచెల్లెళ్లు ఏడుగురితో ఆటపాట కట్టించాడని కథ. నాటకం పుట్టిందే వంతెన కోసమని జనం చెప్పుకుంటున్నారంటే, ఆ జనానికి కళ దేనికో తెలుసు. లాసాలో పెరుగు పండుగ షోతోన్‌కు ఊళ్ల నుంచి వచ్చే ల్హామో బృందాలు పన్ను కింద ఆడేవి. ధాన్యం కొలిచినట్టే నాటకం ఆడి బాకీ తీర్చుకునేవాళ్లు. ఆ ఆటలో హాస్యగాళ్లు పూనకం వచ్చినట్టు ఊగే సోదెగాళ్లను, సన్యాసులను, వైద్యులను వెక్కిరించేవాళ్లు. లామాలూ దొరలూ ఎదుట కూర్చునే ఉండేవాళ్లు, వాళ్లూ నవ్వేవాళ్లు. 2009లో యునెస్కో ఈ నాటకాన్నీ గెసర్ మహాగాథనూ తన వారసత్వ జాబితాలో చేర్చింది, సంతోషమే. పన్ను సంగతీ వెక్కిరింతల సంగతీ చెప్పకుండా ఆ గౌరవాన్ని వల్లించేవాళ్లు సగం నాటకమే చూస్తున్నారు.

ఇంటి ఆచారాల దగ్గరికి వద్దాం. టిబెట్ నెలల లెక్కలో పన్నెండో నెల ఇరవైతొమ్మిదో రాత్రి, లోసార్ కొత్త ఏడాదికి ముందు, ప్రతి ఇంటా గుతుక్ కాస్తారు. తొమ్మిది దినుసులు పడే చిక్కటి జావ అది. అందులో ప్రతి మనిషికీ ఒక పెద్ద పిండి ఉండ వేస్తారు. ఉండ విప్పితే లోపల ఏదో ఒకటి ఉంటుంది. బొగ్గుముక్క వస్తే నీ మనసు నలుపు అని అందరూ ఏడిపిస్తారు. మిరపకాయ వస్తే నోటి దురుసు, ఉన్ని వస్తే మెత్తటి మనిషి. ఉప్పుకూ కాగితానికీ అర్థాలు ఊరిని బట్టి మారుతుంటాయి. పెద్దావిడకు బొగ్గు, కొత్త కోడలికి మిరపకాయ వచ్చేలా ఎవరో ముందే చూసుకుని ఉంటారు. ఏడాదంతా నోట రాని మాట ఆ రాత్రి నవ్వులో బయటపడుతుంది. అందరూ గిన్నెలో కాస్త మిగిల్చి, పిండితో చేసిన బొమ్మ ముందు పోసి, గడ్డి దివిటీలు వెలిగించి, ఇంట్లో మూలమూలకూ తిరిగి కీడును పొమ్మని అరుస్తూ ఆ బొమ్మను నాలుగు దారుల కూడలిలో పారేసి వస్తారు. మఠంలో ఆ రోజు ముసుగుల చామ్ నాట్యం జరుగుతుంది, పుస్తకాలన్నీ దాని ఫోటోలే వేస్తాయి. గుతుక్ వండిన వంటింటి ఫోటో అరుదు. లోసార్‌కు గాడిదచెవి ఆకారంలో నూనెలో వేయించే పెద్ద ఖప్సేలు కూడా ఆ వంటింట్లోవే.

ఇక్కడ ఎదుటివాళ్ల బలమైన ప్రశ్న వస్తుంది. గుడ్డ మీద గీసే తంకాల మాటేమిటి, మంత్రాలు చెక్కిన మణి రాళ్ల మాటేమిటి, వెన్నతో చేసే విగ్రహాల మాటేమిటి? అవి పూర్తిగా మతానివి కావా? మతానివే. అక్కడే నా వాదన ఇంకా గట్టిపడుతుంది.

తంకా గీసేవాడు అహం వదిలేసిన అనామక ధ్యాని అని రాస్తుంటారు. నూలు గుడ్డను చట్రానికి బిగించి, జిగురూ సుద్దా పూసి, నునుపైన రాయితో గంటల కొద్దీ రుద్ది, కొలతల గళ్లు గీసి, నీలం రాయినీ పచ్చ రాయినీ నూరి రంగు చేసి, దేవుడి కళ్లు చివరికి తెరిచే ఆ మనిషి వృత్తికారుడు. అతనికి గురువు ఉంటాడు, శైలి ఉంటుంది, గిరాకీ ఉంటుంది. బొమ్మ వేయించే దాత తిండీ టీ పెట్టి, కూలి ఇచ్చి, పని పూర్తయ్యాక కానుక ఇచ్చి పంపాలి. మధ్య టిబెట్‌లో మెన్రి పద్ధతి, తూర్పున కర్మ గద్రి పద్ధతి వేరువేరుగా ఎదిగాయంటే, చేతికీ చేతికీ తేడా చూసే కళ్లు ఉన్నట్టే కదా. అనామకత మాట కూడా పూర్తిగా నిజం కాదు. 15వ శతాబ్దంలో కట్టిన గ్యాంచే కుంబుమ్ స్తూపం గోడల మీద ఏ గది బొమ్మలు ఎవరు వేశారో, ఏ ఊరివాళ్లో శాసనాలు చెబుతున్నాయి. తమ పేరు ఉండాలని వాళ్లు అనుకున్నారు. చెరిపేసింది మనం.

పోతల కింద ఝోల్ పేటలో ప్రభుత్వ కార్ఖానా ఉండేది. విగ్రహాలు పోసేవాళ్లు, లోహం మీద చెక్కేవాళ్లు అక్కడ పనిచేసేవాళ్లు. కొండచరియ మీద పరిచే భారీ అతుకుబట్ట తంకాలను కుట్టేది దర్జీలు. లాసాలో ఎన్నో దేవతా విగ్రహాలకు ప్రాణం పోసింది నేపాల్ లోయలోని పాటన్ నుంచి వచ్చిన నేవారీ కంచరులు. తంకా చుట్టూ కుట్టే జరీ పట్టు చైనా నుంచీ, బనారస్ నుంచీ వచ్చేది. బనారస్‌లో ఆ జరీ నేసింది ముస్లిం నేతగాళ్లు, ఈనాటికీ మఠాల కోసం నేస్తూనే ఉన్నారు. లాసా నగరంలో నంగ్మా పాటలకూ ద్రన్యెన్ వాద్యానికీ పేరుపడినవాళ్లలో కశ్మీరీ మూలాలున్న టిబెటన్ ముస్లింలు ఉన్నారు. బౌద్ధ కళ బౌద్ధుల చేతుల్లోంచి మాత్రమే రాలేదు. ఒక మతం గొప్పతనంగా దాన్ని చెప్పుకున్న ప్రతిసారీ ఇంతమంది పక్కకు తప్పుకోవలసి వస్తోంది.

అందరికన్నా ఎక్కువగా తప్పుకోవలసి వచ్చింది కమ్మరి. కరుణ గురించి ఇన్ని గ్రంథాలున్న ఆ సమాజంలో ఇనుము కొట్టే గరాను, పశువును కోసే కసాయిని అపవిత్రులుగా చూశారు. వాళ్ల గిన్నెలో ఇతరులు తాగరు, వాళ్లతో వియ్యమందరు, చాలా మఠాలు వాళ్ల పిల్లలను సన్యాసానికి తీసుకోలేదు. లడఖ్‌లో గరాలతో పాటు డోలూ సన్నాయీ వాయించే మోన్‌లదీ బేదాలదీ ఇదే గతి. వాళ్ల వాయిద్యం లేకుండా పెళ్లి కాదు, కూర్చోవడానికి మాత్రం వాళ్లకు వరస చివరనే చోటు. డప్పు లేనిదే జాతర కదలని, డప్పు కొట్టే మనిషిని ఊరి బయట ఉంచిన మన గడ్డ మీద ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. చాకు, పలుపు గొలుసు, తలుపు గడియ, వంతెన ఇనుము, పొయ్యి చట్రం, ఆడవాళ్ల నడుముకు వేలాడే పాలకొక్కెం, ఇవన్నీ చేసినవాణ్ని గుడి గడప దాకా రానివ్వకుండా, అతని పనిని మాత్రం ‘ఆధ్యాత్మిక కళ’ అని మనం మెచ్చుకుంటే, ఆ వెలిని ఇంకోసారి అమలు చేసినట్టే. నాకు ఈ విషయంలో కోపం ఉంది. దాన్ని దాచుకోను.

ఇక స్వచ్ఛత, కాలాతీతం అనే మాటలు. టిబెట్ ఆడవాళ్ల మెడలో ఎర్రగా మెరిసే పగడం మధ్యధరా సముద్రానిది. 13వ శతాబ్దంలోనే మార్కో పోలో ఆ పగడానికి అక్కడున్న విలువ గురించి రాశాడు. రోజుకు ఎన్నిసార్లు తాగుతారో లెక్కలేని టీ, యా-ఆన్ ప్రాంతం నుంచి కూలీల వీపుల మీద ఇటుకలుగా కొండలెక్కి వచ్చింది. తివాచీల నీలం రంగు నీలిమందు ఇండియా నుంచి వెళ్లింది. 20వ శతాబ్దం మొదటికే రసాయన రంగులూ వెళ్లాయి, నేతగాళ్లు వాటిని సంబరంగా వాడుకున్నారు. మగవాళ్లు పెట్టుకునే ఫెల్ట్ టోపీలు కలకత్తా, కాలింపాంగ్ మీదుగా వచ్చినవి. పెళ్లైన ఆడవాళ్లు ముంగట కట్టుకునే చారల పాంగ్‌దెన్‌లో రంగుల వరస తరానికో తీరుగా మారుతూ వచ్చింది. దేన్ని అసలుదని పట్టుకుంటారు?

ఆచారం ఎంత వేగంగా మారగలదో చెప్పే ఘటనకు మన అమరావతి సాక్షి. 1990ల నుంచి ఆమ్దో, ఖమ్ ప్రాంతాల్లో కాస్త డబ్బు చేరాక, పండుగ చూబాకు పులి, చిరుత, నీటికుక్క చర్మాలు వేసుకోవడం బాగా పెరిగింది. గుర్రప్పందాల మైదానాల్లో ఒక్కొక్కరి ఒంటి మీద ఇంటి ఖరీదు చేసే చర్మాలు కనిపించేవి. 2005లో భారత, బ్రిటన్ వన్యప్రాణి సంస్థలు ఆ మార్కెట్లను తిరిగి చూసి, మన అడవుల్లో చచ్చిన పులులు అక్కడ తేలుతున్నాయని బయటపెట్టాయి. 2006 జనవరిలో అమరావతిలో జరిగిన కాలచక్ర సభలకు టిబెట్ లోపలి నుంచి కూడా వేలమంది వచ్చారు. అడవి జంతువుల చర్మాలు వేసుకోవద్దని దలైలామా వాళ్లకు అక్కడ గట్టిగా చెప్పారు. వాళ్లు తిరిగి వెళ్లిన కొద్ది వారాల్లోనే రెబ్‌కోంగ్ మొదలుకుని ఊరూరా జనం తమ చర్మాలను కుప్పపోసి తగలబెట్టారు. చైనా అధికారులు కలవరపడి ఆపబోయారు. ఆ తరవాత పండుగ వేదికల మీద ఆడేవాళ్లనూ టీవీలో కనిపించేవాళ్లనూ చర్మాలు వేసుకోమని ఒత్తిడి చేశారు. సంప్రదాయ దుస్తులు అంటే ఇవేనని ప్రభుత్వం పట్టుబట్టింది.

చెప్పింది గురువు కదా, ఇది మతమే కదా అని ఇక్కడ నన్ను ఆపుతారు. మాట గురువుది. ఆ చర్మం కొన్నది, ఏళ్ల సంపాదన దాని మీద పెట్టినది, దాన్ని నిప్పులో వేసినది పశువుల కాపరులూ రైతులూ. తరవాత ఏం వేసుకోవాలో తేల్చుకున్నదీ వాళ్లే. కాలాతీతమని మనం కీర్తించే వేషం అప్పటికి పదిహేనేళ్ల మోజు. మార్పు వచ్చాక కూడా ఆ పాత వేషం కావాలని పట్టుబట్టింది అధికారం. స్వచ్ఛత వాదులు ఆలోచించాల్సిన సంగతి ఇది. మారకూడని సంప్రదాయం అనే మాట ఎవరి చేతికి ఆయుధమైందో చూడండి.

ప్రవాసంలో జరిగినది ఇంకో అధ్యాయం. 1959లో లాసా తిరుగుబాటు విఫలమయ్యాక వచ్చిన శరణార్థుల్లో ఎంతోమంది హిమాలయాల్లో రోడ్లు వేసే కూలీలయ్యారు. అదే ఏడాది డార్జిలింగ్‌లో శరణార్థుల స్వయంసహాయక కేంద్రం, కాలింపాంగ్‌లో నాటక బృందం మొదలయ్యాయి. ఆ బృందమే తరవాత ధర్మశాలకు చేరిన టిబెటన్ ప్రదర్శన కళల సంస్థ. 1960లో నేపాల్‌లోని జావలాఖేల్‌లో తివాచీ పని మొదలైంది. టిబెట్ తివాచీ ముడి పద్ధతి వేరు. పోగును పడుగు దారాలకూ ఒక ఇనుప కడ్డీకీ చుడుతూ పోతారు. వరస నిండాక కడ్డీ మీది ఉచ్చులను కత్తితో కోసి కడ్డీ లాగేస్తారు. వేగంగా సాగే నేత, శరణార్థి కడుపుకు పనికొచ్చే నేత. జర్మనీ కొనుగోలుదార్లు లేత రంగులు అడిగారు, వేశారు. న్యూజిలాండ్ ఉన్ని కలిపారు. మగ్గాల ముందుకు నేపాలీ తమాంగ్ అమ్మాయిలు వచ్చారు. తివాచీ నేపాల్‌కు పెద్ద ఎగుమతిగా మారింది. పిల్లల చేత పని చేయించిన పాపమూ ఆ పరిశ్రమకు అంటింది, దాన్ని కప్పిపెట్టకూడదు. కానీ ‘టూరిస్టు సరుకు, అసలు టిబెట్ కాదు’ అనేవాళ్లు ఆ పిల్లల గురించి మాట్లాడరు, రంగుల గురించే మాట్లాడతారు. షిగాచే, గ్యాంచేలలో కూర్చోవడానికీ పడుకోవడానికీ గుర్రం జీను కిందకీ నేసిన రోజుల్లోనూ తివాచీ అమ్ముకునే సరుకే. కొనేవాడి ఇష్టం చూసి నేయడం అప్పుడూ ఉంది.

చలికాలంలో మన విజయవాడ, హైదరాబాద్, విశాఖ వీధుల్లో వరసగా వెలిసే టిబెట్ వాళ్ల స్వెట్టర్ దుకాణాలను ఈ లెక్కలో ఎవరూ చూడరు. చాలామంది వాళ్లను నేపాలీలనే అనుకుంటారు. స్వెట్టర్లు లూధియానావి కాబట్టి ఇందులో టిబెట్ సంస్కృతి ఏముందని అడుగుతారు. శతాబ్దాలుగా టిబెట్ రైతులూ కాపరులూ చలికాలం రాగానే ఉప్పూ ఉన్నీ జంతువుల మీద వేసుకుని దక్షిణానికి దిగి, ధాన్యానికి మార్చుకుని, లోసార్ లోపు ఇల్లు చేరేవాళ్లు. కాలింపాంగ్ దారిలో టిబెట్ ఉన్ని అమెరికా తివాచీ మిల్లుల దాకా వెళ్లింది. ఇప్పుడు బైలకుప్పే నుంచి, ఒడిశా చంద్రగిరి నుంచి మొక్కజొన్న కోతలయ్యాక బయల్దేరి, మూడు నాలుగు నెలలు ఫుట్‌పాత్ మీద నిలబడి, లోసార్‌కు ఇంటికి చేరే ఆ ఆమా-లాలు, అంటే అమ్మలు, ఆ పాత బాటనే నడుస్తున్నారు. చంద్రగిరిలో కొత్త మఠం చూడడానికి శ్రీకాకుళం నుంచి వెళ్లేవాళ్లకు, నాలుగు నెలలు తమ ఊళ్లోనే స్వెట్టర్లు అమ్మి ఇంటి బాట పట్టినవాళ్లది కూడా టిబెట్ సంస్కృతేనని ఎవరూ చెప్పరు.

మఠం బొమ్మ వల్లే కదా ప్రపంచం టిబెట్ వైపు చూస్తోంది, దాన్ని చెరిపితే వాళ్లకు మిగిలేదేమిటి అని నాతో వాదించేవాళ్లు ఉన్నారు. ఆ బొమ్మ సానుభూతి తెచ్చిందన్నది నిజం. ఎవరికి తెచ్చింది, ఏ విషయంలో తెచ్చింది అని చూస్తే తేడా తెలుస్తుంది. మఠం కూలిస్తే లోకం గోల పెడుతుంది, పెట్టాలి కూడా. 2003 నుంచి గడ్డిభూముల్ని కాపాడే పేరుతో పశువుల్ని తగ్గించి, ద్రోక్పాలను మేతబీళ్ల నుంచి రోడ్డు పక్క కాలనీలకు తరలిస్తుంటే ఆ గోల వినపడదు. కాలనీ ఇంట్లో యాక్ ఉండదు. యాక్ లేకపోతే గుడారానికి వెంట్రుక లేదు, టీలోకి వెన్న లేదు, పొయ్యిలోకి పిడక లేదు, వడిసెలతో పని లేదు, పాలు పితికే పాట పాడడానికి ఎదురుగా పశువు లేదు. పండుగ రోజున అధికారులే మైదానంలో నల్ల గుడారాలు వేయించి, రంగు బట్టలు కట్టించి నాట్యం చేయిస్తారు. స్వచ్ఛత కోరేవాళ్లకు అక్కడ అభ్యంతరం చెప్పడానికి ఏమీ దొరకదు. వాళ్లు అడిగిన గుడారం ఉంది, రంగు ఉంది, పాట ఉంది. ఆ గుడారంలో రాత్రి ఎవరూ పడుకోరన్న సంగతి, పనిని చూసే కంటికే కనపడుతుంది.

2008 నిరసనల అణచివేత తరవాత టిబెట్‌లో జనం ‘ల్హాకర్’ పేరుతో బుధవారం బుధవారం ఒక పట్టుదల మొదలుపెట్టారు. ఆ రోజు చూబా కడతారు, త్సంపా తింటారు, ఇతర భాష కలపకుండా టిబెటన్ మాట్లాడతారు. తిండి, బట్ట, మాట, ఇవే వాళ్ల చేతిలో ఉన్నవి. యూషూ పట్టణంలో తాషీ వాంగ్‌చుక్ బడుల్లో టిబెటన్ భాష సరిగా నేర్పాలని చట్టం ప్రకారం అడిగాడు. 2016లో అరెస్టయ్యాడు, 2018లో ఐదేళ్ల శిక్ష పడింది, 2021లో విడుదలయ్యాడు. ఆయన లామా కాదు, దుకాణం నడుపుకునే మనిషి. తోలు దిండు మీద చెక్క గిన్నెను దభాలున బోర్లించి ‘షో’ పాచికలు వేసే ఆటగాళ్లు పందెం కోసం అరిచే పద్యాలు, గెసర్ గాథ పాడే కాపరుల గొంతు, గుతుక్ రాత్రి కోడలి మీద పడే ఎకసెక్కాలు, అర్గ దిమ్మిస పాటలు, అన్నీ ఆయన బడిలో ఉండాలని అడిగిన ఆ భాషలోనే ఉన్నాయి.